అక్కుపల్లి లచ్చయ్యకు ఇచ్చిన రిపోర్టు

2003 ఆగస్టు నాటికి నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు లేబులో టెక్నీషియన్‌గా చేరి ఆరేళ్లు. పలాస స్టేషను నుంచి బస్టాండుకు వెళ్లే రోడ్డు మీద, మందుల షాపు పక్కనున్న మెట్లెక్కితే మా లేబు. రెండే గదులు. ముందు గదిలో ఒక బెంచీ, రక్తం తీసే కుర్చీ. వెనక గదిలో మైక్రోస్కోపు, కలరీమీటరు, పాత ఫ్రిజ్, సెంట్రిఫ్యూజ్. సెంట్రిఫ్యూజ్ అంటే రక్తం గొట్టాలను గిర్రున తిప్పే యంత్రం. పది నిమిషాలు తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత పసుపు నీళ్లలా సీరం తేలుతుంది. చాలా పరీక్షలు ఆ సీరంతోనే చేస్తాం.

ఇప్పుడు అన్నీ మిషన్లే చేస్తున్నాయి. గొట్టానికి బార్‌కోడ్ అంటించి లోపల పెడితే అంకె దానంతటదే కాగితం మీదికి వస్తుంది. అప్పుడు అన్నీ చేతితోనే. కిటికీ తెరిస్తే జీడిపప్పు బట్టీల పొగ వాసన, లోపల స్పిరిట్ వాసన. ఆ రెండూ కలిసిన గాలి ఎక్కడైనా తగిలితే ఇవాళ్టికీ నాకు ఆ గదే గుర్తొస్తుంది. పొద్దున్నే ఉద్దానం బస్సులు దిగిన జనం మెట్ల మీద కూర్చుని ఉండేవారు. కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లు, బట్టీల్లో జీడిగింజలు కొట్టి వేళ్లు నల్లబడ్డ ఆడవాళ్లు, సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు. ఎక్కువమంది ఒక్క పరీక్ష కోసమే వచ్చేవారు. సీరం క్రియాటినిన్.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపాల్సిన చెత్త. ఒకటికి అటూ ఇటూ ఉంటే మంచిది. పెరిగిందంటే కిడ్నీలు పని మానేస్తున్నాయని అర్థం. సీరంలో పిక్రిక్ ఆసిడ్ కలిపిన మందు పోస్తే రంగు మారుతుంది. ఆరోగ్యవంతుడిది పసుపుగానే ఉంటుంది, జబ్బు మనిషిది నారింజ రంగుకు తిరుగుతుంది. కలరీమీటరు ఆ రంగును అంకెగా చెబుతుంది. ఉద్దానంలో ఆ నారింజ రంగు ఎంతమందిని కూలదోసిందో అందరికీ తెలుసు. ఎందుకొస్తోందో మాత్రం ఎవరికీ తెలియలేదు.

నా గురించి ఒక మాట చెప్పాలి. మాది బాప్టిస్టు కుటుంబం, మా తాత కాలం నుంచీ. నేను సంఘంలో డీకన్‌ని, అంటే సంఘ పెద్దల్లో ఒకణ్ణి. నెలనెలా మొదటి ఆదివారం, యేసు చివరి భోజనానికి గుర్తుగా జరిగే ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరిగేవాణ్ణి. తాగను, పొగ పీల్చను, అబద్ధమాడను అని నలుగురిలో పేరు. ఆ పేరంటే నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది.

ఆ గురువారం లేబులో రద్దీగా ఉంది. సాయంత్రం ఒకరింట్లో జరిగే గృహ ప్రార్థనలో నేను వాక్యం చెప్పాలి. దాని కోసం తొందరపడుతున్నాను. సెంట్రిఫ్యూజ్ ఆగాక సీరాన్ని చిన్న గొట్టాల్లోకి మార్చి, ఒక్కొక్క దానికి ప్లాస్టరు ముక్క అంటించి పేరు రాయడం మా పద్ధతి. ఆ రోజు వచ్చినవాళ్లలో కె. లచ్చయ్య అని అక్కుపల్లి మనిషి, కె. లచ్చమ్మ అని బట్టీలో పనిచేసే అమ్మాయి ఉన్నారు. నేను రెండు గొట్టాల మీదా 'కె. లచ్చ' అని మాత్రమే రాశాను. ఏది ఎవరిదో నాకు గుర్తుంటుందిలే అనుకున్నాను.

రంగు చూసి అంకెలు వేశాను. ఒకటి సున్నా పాయింటు ఎనిమిది. ఇంకొకటి నాలుగు పాయింటు ఆరు. మర్నాడు రిపోర్టులు ఇచ్చినప్పుడు లచ్చయ్య తనది పట్టుకుని, "ఏటి బాబూ, బాగున్నట్టేనా?" అని అడిగాడు. నలభై ఏళ్లుంటాయి. ఎండకు కాలిన పెద్ద చేతులు, నవ్వితే ముఖమంతా పరుచుకునే నవ్వు. బాగుంది, భయం లేదు అన్నాను. ఆదివారం సాయంత్రం రైల్లో గుజరాత్ వెళ్తున్నాడట, అక్కడి బోట్ల మీద ఎనిమిది నెలలు వేటకు. ఈ మధ్య నీరసంగా ఉంటోందని, పాదాలు పొంగుతున్నాయని ఊళ్లో వైద్యం చేసే ఆయన పరీక్ష చేయించుకుని వెళ్లమన్నాడట. ఆ పొంగు మాట విన్నప్పుడైనా నేను ఆగాల్సింది. ఆగలేదు.

శనివారం మధ్యాహ్నం లచ్చమ్మ మళ్లీ వచ్చింది. రిపోర్టు చూసిన డాక్టరు నమ్మకం కుదరక ఇంకోసారి రక్తం చూడమని పంపించాడు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. రాత్రంతా నిద్రపోలేదని, రెండేళ్ల కూతుర్ని పెంచుకోమని అక్కని అడిగిందని ఆమె మొగుడు చెప్పాడు. కొత్తగా రక్తం తీశాను. మందు పోస్తే రంగు మారలేదు. పసుపు. మళ్లీ చేశాను. మళ్లీ పసుపే. ఫ్రిజ్‌లో దాచిన పాత గొట్టాలు తీశాను. రెండింటి మీదా నా చేతిరాతే, 'కె. లచ్చ'. రెండూ మళ్లీ పరీక్షిస్తే ఒకటి నారింజ రంగుకు తిరిగింది. లచ్చమ్మది కాకపోతే అది ఎవరిదో ఇంకొకర్ని అడగాల్సిన పని లేదు.

లేబు యజమాని మూర్తి గారు మంచివాడే. లేనివాళ్లకు పరీక్షలు ఊరికే చేయించిన రోజులున్నాయి. ఆయన లచ్చమ్మతో మొన్న మిషన్‌లో తేడా వచ్చిందని, ఆమెకు ఏ జబ్బూ లేదని చెప్పాడు. ఆ అమ్మాయి వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను గానీ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. వాళ్లు మెట్లు దిగాక లచ్చయ్య సంగతి చెప్పాను. మూర్తి గారు లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు.

"దానియేలూ, ఆ జబ్బుకి మందేముంది చెప్పు? నువ్వు చెప్పినా చెప్పకపోయినా అయ్యేది అదే. ఎనిమిది నెలలు నిశ్చింతగా వేట చేసుకుని వస్తాడు. ఈ సంగతి ఊరికి తెలిసిందంటే మన మెట్లు ఎవరూ ఎక్కరు."

ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే మరో నిజం మా ఇద్దరికీ తెలుసు. బోటు మీద పనిచేసేవాళ్లు ఒళ్లు నొప్పులకు రోజూ బిళ్లలు మింగుతారు. పాడైన కిడ్నీకి ఆ బిళ్లలు విషం. నిశ్చింతగా వెళ్లిన మనిషి తిరిగి రాకపోవచ్చు.

ఇంటికెళ్లి తలుపు వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. తప్పంతా దేవుడి ముందు ఒప్పుకున్నాను. కన్నీళ్లు కూడా వచ్చాయి. లేచేసరికి గుండె తేలికైంది. నిజం చెప్పాలంటే, అన్నం కూడా తినగలిగాను. వడ్డిస్తూ నా భార్య సుశీల ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. ప్రార్థన చేసుకున్నానని, మనసుకు శాంతి దొరికిందని కూడా చెప్పాను. ఆమె గరిట పక్కన పెట్టింది.

"మీకు దొరికింది సరేనండీ. ఆ లచ్చయ్యకి ఏం దొరికింది?"

అంతే అంది.

మర్నాడు మొదటి ఆదివారం. తెల్ల చొక్కా వేసుకుని మా చర్చి గుడికి వెళ్లాను. పాటలయ్యాయి, ప్రసంగమైంది. బల్ల దగ్గరికి వచ్చేముందు ఎవరికి వారు తమను పరీక్షించుకోవాలని పాస్టరు గారు అందర్నీ కాసేపు మౌనంగా ఉండమన్నారు. నెలనెలా వినే మాటే. ఆ మౌనంలో ఎప్పుడూ నా పళ్లెం గురించి, నా వరస గురించి ఆలోచించేవాణ్ణి. ఆ రోజు పాదాలు పొంగుతున్నాయన్న మనిషి ముఖం కనబడింది. సాయంత్రం రైలెక్కుతాడు. నేను లేచాను. చెప్పులేసుకుని బయటికి నడిచాను. గుడంతా నన్నే చూస్తోందని వీపుకి తెలుస్తోంది.

లేబు తాళం నా దగ్గరే ఉంటుంది. రిజిస్టర్లో ఊరు పేరు తప్ప చిరునామా లేదు. సైకిలు తొక్కుకుంటూ బయల్దేరాను. జీడితోటలు, కొబ్బరితోటలు దాటి, ఇసుక వచ్చినచోట దిగి నడిచి, చేరేసరికి రెండు గంటలు పట్టింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. చివరికి ఒక ఉపాయం తట్టింది. మిషన్‌లో తేడా ఉంది, ఇంకోసారి రక్తం ఇవ్వు అంటే చాలు. మనిషి బతుకుతాడు, నా పేరూ ఉంటుంది. ఆ ఉపాయం దేవుడే ఇచ్చాడనుకున్నాను.

అక్కుపల్లిలో లచ్చయ్యలు నలుగురున్నారు. గుజరాత్ వెళ్తున్న లచ్చయ్య అంటే చూపించారు. ఇంటి ముందు బట్టల సంచీ, చింతకాయ పచ్చడి జాడీ సర్ది పెట్టి ఉన్నాయి. తోటివాళ్లు ఇంకో గంటలో ఆటోలో వచ్చి తీసుకెళ్తారట. నన్ను చూసి లచ్చయ్య గబగబా కుర్చీ తెచ్చి వేశాడు. అతని భార్య పోలమ్మ కొబ్బరిబొండం కొట్టించి చేతికిచ్చింది. ఎండలో పడి ఇంత దూరం వచ్చావేమని ఇద్దరూ కంగారుపడ్డారు.

ఉపాయం ప్రకారమే చెప్పాను. మిషన్‌లో చిన్న తేడా కనబడింది, మళ్లీ ఒకసారి చూస్తే మంచిదన్నాను. లచ్చయ్య నవ్వి, తిరిగొచ్చాక చూద్దాం, ఇప్పుడు రైలు తప్పిపోతుందన్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. అందులో నేనిచ్చిన రిపోర్టు, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"నాకీ కాయితం సాలు బాబూ. మీ యేసుపెబువోలు అబద్ధం ఆడరంటారు. నువ్వు రాసినావు గావట్టే దైర్నంగా ఎల్తన్నాను. లేకపోతే మా ఆడది నన్ను ఎల్లనిచ్చీది కాదు."

బొండం కింద పెట్టేశాను. ఇంకొక్క నిమిషం అక్కడే కూర్చుంటే ఆ కాగితంతోనే అతను వెళ్లిపోతాడు. నా ఉపాయం దేవుడిచ్చింది కాదని అప్పుడు తెలిసింది.

"లచ్చయ్యా, మిషన్ తప్పు కాదు. తప్పు నాది. ఆ కాగితం నీది కాదు, ఇంకో అమ్మాయిది. తొందరలో పేర్లు సగం రాసి నేనే తారుమారు చేశాను. నీ రక్తంలో జబ్బు ఉంది. నువ్వు బోటెక్కకూడదు."

లచ్చయ్య కవర్లోని కాగితాన్ని అలాగే చూస్తూ నిలబడ్డాడు. మాట్లాడింది పోలమ్మ.

"మొన్న బాగుందన్నావు, నేడు బాగోలేదంటన్నావు. మా బతుకులు నీకు ఆటలాగున్నాయేటి? పో. మా ఇంటికి మల్లీ రాకు."

చుట్టుపక్కల వాళ్లు పోగయ్యారు. ఒకరిద్దరు నా మీదికి వచ్చారు కూడా. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏమన్నా పడాల్సిందే అనుకున్నాను. అప్పుడు లచ్చయ్య మెల్లిగా అడిగాడు.

"మొన్నటిదీ నువ్వే సెప్పినావు, ఇదీ నువ్వే సెప్తన్నావు. ఏది నమ్మాల నాను?"

ఆరేళ్లలో నన్ను ఎవరూ అలా అడగలేదు. నన్ను నమ్మొద్దన్నాను. టెక్కలిలో నాతో చదువుకున్నవాడి లేబు ఉంది, ఆదివారం కూడా తెరుస్తాడు, అక్కడ ఇంకొకరి చేత పరీక్ష చేయిద్దాం, నేను దూరంగా కూర్చుంటానన్నాను. లచ్చయ్య సంచీ తీసుకున్నాడు. బాగుంటే టెక్కలి నుంచి తిన్నగా స్టేషనుకే పోతానన్నాడు.

ఇద్దరం ఆటోలో పలాస వచ్చి, బస్సులో టెక్కలి వెళ్లాం. నా స్నేహితుడు రక్తం తీసి లోపలికెళ్లాడు. అరగంట తర్వాత కాగితం నాకివ్వకుండా లచ్చయ్యకే ఇచ్చాడు. నాలుగు పాయింటు ఎనిమిది. అంకె చదవడం రాకపోయినా, నా స్నేహితుడి ముఖం చూసి లచ్చయ్యకు అర్థమైపోయింది.

పలాస తిరిగొచ్చేసరికి సాయంకాలం. అక్కుపల్లి వాళ్లంతా ప్లాట్‌ఫారం మీద మూటల పక్కన కూర్చుని ఉన్నారు. లచ్చయ్య పచ్చడి జాడీని తన బావమరిది చేతికిచ్చాడు. ఎందుకు రావడం లేదో రెండు ముక్కల్లో చెప్పాడు. రైలు వచ్చింది, అందరూ ఎక్కారు, కిటికీల్లోంచి చేతులూపారు. ఇరవై ఏళ్లుగా ఏటేటా వాళ్లతో ఎక్కిన మనిషి ఆ రోజు కింద నిలబడి చేయి ఊపాడు. రైలు కనుమరుగయ్యాక నా పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని అన్నాడు.

"నువ్వు రాకపోతే నాను ఎలిపోదును బాబూ. తెలీకుండా ఎలిపోతేనే బాగుణ్ణేమో అనిపిత్తంది."

క్షమించానంటాడని ఎదురుచూశాననుకుంటాను. ఆ మాట అతను అనలేదు. చీకటి పడకముందే ఆఖరి ఉద్దానం బస్సు ఎక్కించి ఇంటికి వచ్చాను. నా సైకిలు వాళ్ల వాకిట్లోనే ఉండిపోయింది.

సోమవారం మూర్తి గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. జీతం లెక్క చూసి ఇచ్చి, రేపటి నుంచి రావద్దన్నాడు. మూడు వారాలు ఇంట్లో ఉన్నాను. తర్వాత టెక్కలి స్నేహితుడే తన లేబులో పెట్టుకున్నాడు. ఇక రోజూ బస్సు ప్రయాణం. సంఘంలో డీకన్ పని వదులుకుంటానంటే పాస్టరు గారు ఒప్పుకోలేదు. గుడిలోంచి ఎందుకు వెళ్లిపోయావని ఎప్పుడూ అడగలేదు కూడా. సుశీల ఆయనకు చెప్పిందో లేదో నాకు తెలియదు.

సైకిలు కోసమని నేను మళ్లీ అక్కుపల్లి వెళ్లాల్సి వచ్చింది. అది సాకేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. పోలమ్మ నన్ను చూసి లోపలికెళ్లిపోయింది. లచ్చయ్య గట్టు మీద వల బాగుచేస్తున్నాడు. విశాఖలో కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఎలా, ఎక్కడ దిగాలి, ఎవర్ని అడగాలి అని అప్పుడు అడిగాడు. నేను తీసుకెళ్తానన్నాను. ఆ నెల మొదలుపెట్టి నెలకోసారి, తర్వాత రెండు నెలలకోసారి, పలాస నుంచి పాసింజరు బండిలో ఇద్దరం వెళ్లేవాళ్లం. బండి హరిశ్చంద్రపురంలో, కోటబొమ్మాళిలో తీరుబడిగా ఆగేది. లచ్చయ్య కిటికీ పక్కన కూర్చుని వేట కబుర్లు చెప్పేవాడు. వెరావల్‌లో రేవు ఎలా ఉంటుందో, ఏ గాలికి ఏ చేప పడుతుందో, ఒడ్డు కనబడకుండా పదిహేను రోజులుంటే మనిషి ఏమైపోతాడో. సముద్రానికి ఇంత దగ్గరలో పుట్టి నేను దాని గురించి ఏమీ ఎరుగను. ఆ కబుర్ల కోసమే ఆ ప్రయాణాలకు ఎదురుచూసేవాణ్ణి. మా యేసు గురించి అతను ఎప్పుడైనా అడిగితే తెలిసింది చెప్పేవాణ్ణి. అతను శ్రద్ధగా విని, తిరిగొచ్చి గంగమ్మకు మొక్కుకునేవాడు. అది మా మధ్య ఎప్పుడూ అడ్డు రాలేదు.

నొప్పి బిళ్లలు మానేశాడు. ఉప్పు తగ్గించాడు. బీపీ మందు ఒక్క పూట తప్పలేదు. వలలు అల్లడంలో, బాగుచేయడంలో అతనికి పేరొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెచ్చి ఇచ్చేవారు. డాక్టరు రెండేళ్లన్నాడు గానీ ఐదేళ్లు గడిచాయి. 2008 వానాకాలంలో, అతను మంచాన పడిన మూడో వారంలో పోయాడు. నేను వెళ్లేసరికి సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్తున్నారు. నన్ను చూసి అతని బావమరిది పక్కకు జరిగాడు. ఆ చోట నేను పాడెకు భుజం పట్టాను.

ఆ తర్వాత ఏడాదికి అనుకుంటాను, టెక్కలి లేబుకు పోలమ్మ ఒక్కతే వచ్చింది. పలాసలో నాలుగు లేబులు దాటుకుని వచ్చింది. ఒళ్లు నీరసంగా ఉంటోందంది. మా దగ్గర చేరిన అమ్మాయి సూది తీసుకోబోతే వద్దని తల ఊపి, నా వైపు చేయి చూపించింది.

"ఆ బాబే తియ్యాల. బాగోలేకపోతే బాగోలేదని ఆ బాబైతే సెప్తాడు."

రక్తం తీశాను. రెండుసార్లు పరీక్షించాను. పసుపు రంగే. బాగుందమ్మా అని చెప్పాను. ఆమె కాగితం వైపు చూడలేదు. నా ముఖం వైపే కాసేపు చూసి, సరేనని కొంగు బిగించుకుని వెళ్లిపోయింది.

దేవుడి ముందు తప్పు ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. తలుపు వేసుకుంటే చాలు, పావుగంటలో అయిపోతుంది. తప్పు ఎవరికి జరిగిందో ఆ మనిషి ముందు నిలబడడం, నిలబడ్డాక వదిలి వెళ్లకుండా ఉండడం నాకు ఎవరూ నేర్పలేదు. అది అక్కుపల్లిలో నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి ఐదేళ్లు పట్టింది.